పశువైద్యుడు వచ్చేలోగా: పెంపుడు జంతువుల ప్రథమ చికిత్సపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రమాదం జరిగిన చోటికి పశువైద్యుడు అందరికన్నా ముందు చేరుకోవడం చాలా అరుదు. ముందుగా వచ్చేది అగ్నిమాపక శకటం, 108 వాహనం లేదా పోలీసు జీపు; అవేవీ రాకపోతే పక్కింటివారు. ఆ మొదటి నిమిషాల్లో గాయపడిన కుక్కకో, పిల్లికో ఎవరు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలను ఈ నెల శీర్షికకు తీసుకున్నాము.

ప్రశ్న: మేము అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నాము. ఈమధ్య మా కింది అంతస్తులో వంటగది అంటుకొని, పొగ మా ఇంట్లోకి కమ్ముకుంది. ఆ సమయానికి మేము ఇంట్లో లేము. అగ్నిమాపక సిబ్బంది మా పిల్లిని బయటికి తెచ్చి, దాని మూతికి చిన్న గరాటు లాంటి మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. కాసేపటికి అది లేచి తిరగసాగింది. ఇలా చేయడం ఇక్కడ వారి విధుల్లో భాగమా? పిల్లి బాగానే ఉంది కనుక ఆసుపత్రికి తీసుకువెళ్లనవసరం లేదని మావారు అంటున్నారు, నిజమేనా? — ఒక పాఠకురాలు, కొలంబస్

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యమైతే పనికిరాదు. తప్పక తీసుకువెళ్లండి. పొగ పీల్చిన జంతువు మొదటి గంటల్లో మామూలుగానే తిరుగుతుంది. గొంతులో వాపు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటివి కొన్ని గంటలు గడిచాక, ఒక్కోసారి మరునాడు బయటపడతాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో చేరినప్పుడు చిగుళ్లు మామూలుకన్నా ఎర్రగా కనిపించి, చూసేవారికి ఆరోగ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆక్సీమీటరు కూడా ఆ సమయంలో నమ్మదగినది కాదు, ఎందుకంటే ఆక్సిజన్‌ను మోసే రక్తానికీ, ఆ విషవాయువును మోసే రక్తానికీ తేడా మామూలు ఆక్సీమీటరుకు తెలియదు. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, దగ్గుతున్నా, తూలుతున్నా, కళ్లు నులుముకుంటున్నా అది ఆగదగిన సమయం కాదు. బొచ్చుకు అంటిన మసిని తడిగుడ్డతో తుడిచివేయండి. లేకపోతే పిల్లి దానిని నాకి కడుపులోకి పంపుకుంటుంది.

ఇక చట్టం సంగతి. మీ పిల్లికి జరిగినది విధి నిర్వహణ అనడం కన్నా చట్టం ఇచ్చిన అనుమతి అనడం సరైనది. అమెరికాలో పశువైద్యపు లైసెన్సు లేనివారు జంతువుకు చికిత్స చేస్తే చాలా రాష్ట్రాల్లో నేరం కిందికి వచ్చే అవకాశం ఉండేది. పారామెడిక్ మనిషికి రోజూ చేసే పనినే కుక్కకు చేస్తే చిక్కుల్లో పడతానేమో అని వెనుకాడేవాడు. ఈ జంకు తీర్చడానికి కొలరాడో 2014లో చట్టం చేసింది. ఒహాయో చట్టం 2016 ఆగస్టు 31న అమలులోకి వచ్చింది. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టం 2019 జనవరి 1 నుంచి అమలవుతోంది. ఒహాయో చట్టం చేయదగిన పనులను పేరుపేరునా చెబుతుంది: శ్వాసమార్గం తెరవడం, మాస్కుతో ఆక్సిజన్ ఇవ్వడం, నోటితోగానీ మాస్కుతోగానీ శ్వాస అందించడం, నేరుగా ఒత్తి రక్తస్రావం ఆపడం, విరిగిన ఎముకను కదలకుండా కట్టడం, గాయానికి కట్టు కట్టడం, నలోక్సోన్ ఇవ్వడం. చివరిది ఎందుకంటే, మత్తుపదార్థాలను వాసన పట్టే పోలీసు కుక్కలు ఫెంటానిల్ వంటి పొడిని పీల్చి పడిపోయే ప్రమాదం ఉంది, దానికి విరుగుడు ఆ మందే. ఇవన్నీ పశువైద్యుడికి అప్పగించేదాకా మాత్రమే. ఈ అనుమతి కుక్కలకు, పిల్లులకు పరిమితం. మీ ఇంట్లో చిలుక ఉండి ఉంటే ఆ చట్టం దాని ఊసెత్తదు. తప్పక చేయాలన్న నిర్బంధమూ లేదు. అందుచేత, ఇష్టపూర్వకంగా మీ పిల్లికి ఆ సాయం చేసిన సిబ్బందికి ఒక కృతజ్ఞతా లేఖ రాస్తే బాగుంటుంది.

ఆ గరాటు మాస్కు గురించి ఒక్క మాట. మనిషి మాస్కు చదునైన ముఖానికి తయారైనది కనుక పొడుగాటి మూతికి పెడితే చుట్టూ గాలి పోతుంది. జంతువుల మాస్కు శంకువు ఆకారంలో ఉండి, అంచున ఉండే రబ్బరు పొర మూతి చుట్టూ అతుక్కుంటుంది; సాధారణంగా చిన్న, మధ్య, పెద్ద అని మూడు కొలతల్లో వస్తుంది. అది దొరకనప్పుడు ఆక్సిజన్ గొట్టాన్ని ముక్కుకు దగ్గరగా పట్టుకున్నా కొంత మేలు జరుగుతుంది.

ప్రశ్న: నేను 108 వాహనంలో ఈఎంటీగా, అంటే అత్యవసర వైద్య సహాయకుడిగా, పనిచేస్తున్నాను. విజయవాడ రహదారిపై బైకు ప్రమాదాల్లో చాలాసార్లు అడ్డం వచ్చిన కుక్క కూడా పక్కనే పడి ఉంటుంది. దానికీ ఏదైనా చేయమని జనం కేకలు వేస్తారు. ముట్టుకుంటే చట్టప్రకారం తప్పా? ముట్టుకుంటే ఏం చేయాలి? — ఒక ఈఎంటీ, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు వచ్చింది మనిషి కోసం. ఆ మనిషి శ్వాస, రక్తస్రావం, మెడ సంగతి చూసి వాహనంలోకి ఎక్కించేదాకా కుక్కవైపు చూడనవసరం లేదు, చూడకూడదు కూడా. పైన చెప్పిన అమెరికా చట్టాలు కూడా మనిషిని కాదని జంతువును చూడమని చెప్పలేదు. కుక్కను మీ వాహనంలో తీసుకువెళ్లడమూ సరికాదు, ఎందుకంటే అదే స్ట్రెచర్ మీద తరువాత పడుకోబోయేది మరో రోగి.

చట్టం విషయానికి వస్తే, 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం నమోదు చేసుకున్న పశువైద్యులే పశువైద్యం చేయాలి. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: పశువైద్య డిప్లొమా గానీ సర్టిఫికెట్ గానీ ఉన్న సహాయకులు, రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, పశువైద్యుడి పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయవచ్చు. టీకాలు వేయడం, గాయాలకు కట్టు కట్టడం వంటివి ఆ సేవల కిందికి వస్తాయి. మీకు పశువైద్య డిప్లొమా లేదు కనుక మందులు, ఇంజెక్షన్లు, కుట్లు మీ పని కావు. అయితే రక్తం కారే చోట గుడ్డ పెట్టి ఒత్తి పట్టుకోవడాన్ని ఎవరూ పశువైద్య వృత్తిగా లెక్కించరన్నది నా అవగాహన. అది దారిన పోయే ఎవరైనా చేసే పని. అమెరికా తరహా కొత్త చట్టం మనకు అత్యవసరం అని నేను అనుకోను. మీ శిక్షణ పుస్తకంలో ఒక పేజీ, ఆ పేజీకి పై అధికారి సంతకం ఉంటే చాలు. అవి లేవు కనుకనే మీలాంటివారు రోడ్డు మీద నిలబడి ఇలా తటపటాయించవలసి వస్తోంది.

చేతులు ఖాళీ అయినప్పుడు చేయవలసిన మొదటి పని కుక్క మూతి కట్టడం. ఎంత మచ్చికైన కుక్క అయినా నొప్పిలో యజమానినే కరుస్తుంది, మీరు దానికి పూర్తిగా కొత్తవారు. మీ పెట్టెలోని గాజు బ్యాండేజీ రెండు మూరలు తీసుకొని, మధ్యలో వదులు ముడి వేసి, ఆ ఉచ్చును వెనుకవైపు నుంచి మూతి మీదుగా వేసి బిగించండి; రెండు కొసలను దవడ కిందికి తెచ్చి ఒక మెలిక వేసి, చెవుల వెనుక మెడ మీద, ఒక్క లాగుతో ఊడే ముడి వేయండి. ఎద్దులకు చిక్కం కట్టిన చేతులకు ఇది కష్టం కాదు. కుక్క వాంతి చేసుకుంటున్నా, ఊపిరి అందక రొప్పుతున్నా, పగ్ లాగా మూతి చప్పిడిగా ఉన్నా మాత్రం ఈ కట్టు వేయకూడదు. పిల్లి అయితే దళసరి తువ్వాలులో తల తప్ప మిగతా ఒళ్లంతా చుట్టివేయడమే మార్గం.

తరువాత రక్తం. శుభ్రమైన గాజుగుడ్డను గాయం మీద పెట్టి అరచేతితో గట్టిగా ఒత్తండి. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది కనుక, తడిసిపోతే దానిమీదే మరో పొర వేయండి. గుచ్చుకున్న చువ్వను లాగకండి. విరిగిన కాలిని సరిచేయడానికి ప్రయత్నించకండి. చెక్కపలక మీదికో, ఇద్దరు పట్టుకున్న దుప్పటిలోకో నడుము వంగకుండా జరిపి, అలాగే ఎత్తండి. చిగుళ్లు చూడండి: వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు తిరిగి గులాబి రంగు రావాలి. తెల్లగా పాలిపోయి ఉంటే లోపల రక్తం పోతూ ఉండవచ్చు, అటువంటిదానిని ముందు పంపించాలి. మీ దగ్గరున్న నొప్పి మందులు మాత్రం ఇవ్వవద్దు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

పంపించడం ఎక్కడికి అన్నది అసలు చిక్కు. 1962 నంబరుతో నడిచే సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉన్నాయి, కానీ అవి ప్రధానంగా పల్లెల్లోని పాడి పశువుల కోసం ఏర్పడినవి, పైగా పగటి వేళల్లో తిరిగేవి. ఫోన్ చేయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. మీ పరిధిలో చిన్న జంతువులను చూసే డాక్టర్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి వాహనంలో అంటించుకుంటే, కేకలు వేస్తున్న జనంలోంచి ఒకరి ఆటోలో కుక్కను పంపించవచ్చు.

ప్రశ్న: కుక్కకు సీపీఆర్ చేసి బతికించిన వీడియోలు ఫోనులో తరచుగా వస్తున్నాయి. నిజంగా అది పనిచేస్తుందా? మనిషికి చేసినట్టే చేయాలా? — ఒక కళాశాల విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: కొన్నిసార్లు పనిచేస్తుంది. గుండె నిజంగా ఆగిన కుక్కలు, పిల్లుల్లో ఆసుపత్రిలోనే సీపీఆర్ జరిగినా ప్రాణాలతో ఇంటికి చేరేవి పదింటికి ఒకటి కన్నా తక్కువ. నీటిలో మునిగినవి, కరెంటు షాక్ తగిలినవి, ఊపిరాడక పడిపోయినవి కొంత మెరుగు, ఎందుకంటే అక్కడ గుండె దానంతటదిగా చెడిపోయినది కాదు. మీరు చూసిన వీడియోల్లో కొన్నింటిలో కుక్క స్పృహ తప్పిందే తప్ప గుండె ఆగి ఉండకపోవచ్చు.

పద్ధతి గురించి పశువైద్య నిపుణులు 2012లో మార్గదర్శకాలు విడుదల చేసి, 2024లో సవరించారు. పిలిచినా, తట్టినా కదలక, ఊపిరి లేకపోతే నాడి కోసం వెతుకుతూ కూర్చోకుండా మొదలుపెట్టాలి. మనిషిలాగా వెల్లకిలా కాక, కుక్కను పక్కకు పడుకోబెట్టాలి. లాబ్రడార్ వంటి గుండ్రటి ఛాతీ ఉన్నవాటికి ఛాతీలో అన్నిటికన్నా వెడల్పైన చోట, డాబర్‌మన్ వంటి లోతైన సన్నటి ఛాతీ ఉన్నవాటికి నేరుగా గుండె మీద, అంటే ముందరి కాలి మోచేయి మడిస్తే ఛాతీకి తగిలే చోట నొక్కాలి. బుల్‌డాగ్ వంటి బల్లపరుపు ఛాతీ కుక్కను మాత్రమే వెల్లకిలా వేస్తారు. పిల్లికి, చిన్న కుక్కపిల్లకు ఒక చేతి బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు మరోవైపు ఉండేలా ఛాతీని పట్టుకొని నొక్కితే సరిపోతుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా దిగాలి, ప్రతిసారీ పూర్తిగా పైకి రానివ్వాలి. 30 నొక్కుల తర్వాత మెడ సాపు చేసి, నోరు మూసి పట్టుకొని, ముక్కులోకి రెండుసార్లు ఊదాలి. రెండు నిమిషాలకు ఒకసారి మనిషి మారాలి, ఎందుకంటే అలసిన చేతులు లోతుగా నొక్కవు. కుక్క ఎవరిదో, టీకాలు పడ్డాయో లేదో తెలియనప్పుడు నోటితో ఊదకండి, నొక్కడం మాత్రం ఆపకండి. కరెంటు షాక్ అయితే మెయిన్ ఆపకముందు దాన్ని ముట్టుకోనే కూడదు. వీధిలో తెగిపడిన తీగ అయితే 1912కు ఫోన్ చేసి, సరఫరా ఆగిందని తెలిసేదాకా దూరంగా ఉండండి.

ప్రశ్న: మా కుక్క మిరప తోటకు కలిపిన పురుగుమందు నీళ్లు తాగింది. పెద్దవాళ్లు కుంకుడు రసం పోసి కక్కించారు. కుక్క బతకలేదు. కక్కించడం ఆలస్యమైందా? — ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: ఆలస్యమే కారణమని చెప్పలేను. కక్కించడమే కొన్నిసార్లు కీడు చేస్తుంది. తూలుతున్న, అదురుతున్న, సగం స్పృహలో ఉన్న కుక్క నోట్లో ఏ ద్రవం పోసినా అది ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. పైగా చాలా పురుగుమందులు కిరోసిన్ వంటి నూనెల్లో కలిపి ఉంటాయి, అవి తిరిగి గొంతులోకి వస్తే మరింత హాని. ఉప్పు నీళ్లు పోయడమూ ఇంతే ప్రమాదం, ఎక్కువైన ఉప్పు మెదడును దెబ్బతీస్తుంది. ఏదైనా తాగించాలా, కక్కించాలా అన్నది డాక్టరు ఫోనులో చెప్పిన తర్వాతి మాట.

చొంగ కారడం, కన్నీరు, విరేచనాలు, కండరాలు అదరడం, కంటిపాప సూదిమొనంత కావడం కనిపిస్తే అది ఆర్గానోఫాస్ఫరస్ లేదా కార్బమేట్ జాతి మందు కావచ్చు. అట్రోపిన్ అనే విరుగుడు ఉంది, వేయవలసింది పశువైద్యుడు. మీరు చేయవలసింది డబ్బాను, దానిమీది చీటీతో సహా, వెంట తీసుకువెళ్లడం. బొచ్చుకు మందు అంటితే చేతులకు తొడుగు వేసుకొని సబ్బునీళ్లతో కడగండి. ఎలుకల మందులో ఒక జాగ్రత్త ఉంది: జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లటి పొడి కడుపులో విషవాయువుగా మారుతుంది, కుక్క కక్కితే ఆ వాయువును పక్కనున్నవారూ పీలుస్తారు. కారులో తీసుకువెళ్తుంటే అద్దాలు దించండి. మరో రకం ఎలుకల మందు రక్తం గడ్డకట్టనివ్వదు. తిన్న తర్వాత రెండు మూడు రోజుల దాకా ఏమీ తెలియదు, ఆ తర్వాత రక్తం పోవడం మొదలవుతుంది. దానికి విటమిన్ కె1 ఉంది కనుక, తిన్నట్టు చూస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి.

ప్రశ్న: ఎండాకాలంలో మా పగ్ రొప్పుతూ పడిపోయింది. చల్లటి నీళ్లు పోస్తే గుండె ఆగుతుందని పక్కింటివారు అన్నారు. — ఒక గృహిణి, రామగుండం

జవాబు: ఆ మాటను ఇప్పటి పశువైద్యులు ఒప్పుకోరు. ముందు చల్లబరచడం, తరువాత ఆసుపత్రి అన్నదే ఇప్పటి వరుస. నీడలోకి తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ ఫ్యాను వేయండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడెక్కి లోపలి వేడిని పోనివ్వదు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, థర్మామీటరు 103 దగ్గరికి రాగానే చల్లబరచడం ఆపండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి.

ప్రశ్న: మనుషులకే సమయానికి అంబులెన్సు దొరకని దేశంలో కుక్కలకు ఆక్సిజన్ మాస్కులంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంది. ఇది ఉన్నవాళ్ల ముచ్చట కాదా? — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: అంబులెన్సు విషయంలో మీ కోపం న్యాయమైనదే. అయితే మాస్కు ఎవరి ఆక్సిజన్‌నూ లాక్కోదు, మనుషులందరూ బయటపడ్డాకే దాని అవసరం వస్తుంది. ఇంకొక సంగతి కూడా చూడండి. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు కుక్కలను, పిల్లులను వదిలి రాలేమంటూ చాలామంది పడవ ఎక్కలేదు. ఆ అనుభవం తర్వాత, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులను కూడా చేర్చాలని 2006లో అమెరికా కేంద్ర చట్టం వచ్చింది. అది జంతుప్రేమతో పుట్టినదంటే సగం నిజమే. మనుషులను ఖాళీ చేయించడానికి అంతకన్నా దారి లేకపోవడం మిగతా సగం. మంటల్లో చిక్కిన మేక కోసమో, కుక్క కోసమో ఇంట్లోకి తిరిగి పరుగెత్తే మనిషిని ఆపడం మన అగ్నిమాపక సిబ్బందికీ తెలిసిన అవస్థే. మీరు పనిచేసే జంతువులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో మసాచుసెట్స్‌లో షాన్ గానన్ అనే పోలీసు అధికారి కాల్పుల్లో మరణించగా, ఆయన కుక్క నీరో తూటా దెబ్బతో గంటల తరబడి అదే ఇంట్లో పడి ఉంది. దానిని ఆసుపత్రికి తరలించే వీలు అంబులెన్సు సిబ్బందికి అప్పటి నిబంధనల ప్రకారం లేదు, పోలీసు కారులో తీసుకువెళ్లారు. నీరో బతికింది. దాని పేరుతోనే 2022లో ఆ రాష్ట్రం చట్టం చేసింది: ఆ వాహనం అవసరమైన మనిషి ఎవరూ లేనప్పుడు గాయపడిన పోలీసు కుక్కను అంబులెన్సులో తీసుకువెళ్లవచ్చు. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంప శిథిలాల్లో మనుషులను వెతకడానికి మన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) వెంట వెళ్లినవీ ఇలాంటి కుక్కలే.

ప్రశ్న: దెబ్బతగిలిన వీధికుక్కకు కట్టు కడుతుండగా పన్ను గీరుకుంది, రక్తం రాలేదు. పట్టించుకోవాలా? — ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఈ ఉత్తరం మాకు చేరడానికి పట్టిన రోజుల్లోనే మీరు ఆసుపత్రికి వెళ్లి ఉంటారని ఆశిస్తున్నాను, వెళ్లకపోతే ఈరోజే వెళ్లండి. రక్తం రాని గీరుకు కూడా రేబిస్ టీకా వేయించుకోవాలి; రక్తం వచ్చినా, చొంగ పాత గాయానికి తగిలినా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. గీరుకున్న వెంటనే చేయవలసింది పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. పసుపు, కారం, సున్నం రాయడం కాదు. టీకాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. వేసే పద్ధతిని బట్టి నాలుగు లేదా ఐదు మోతాదులు ఉంటాయి, కుక్క బాగానే ఉందని మధ్యలో మానేయకండి. ఇలాంటి సాయం తరచుగా చేసేవారు, అగ్నిమాపక సిబ్బందితో సహా, కరవకముందే వేయించుకునే టీకా కూడా ఉంది. డాక్టరును అడిగి అది వేయించుకుంటే తరువాత కాటు పడినప్పుడు ఇమ్యునోగ్లోబులిన్ అవసరం ఉండదు, టీకా మోతాదులు కూడా తగ్గుతాయి.